కొలతకు నిలబడ్డ మనిషి

"ఆ గళ్ళ కోటు ఒకసారి ఉతికి ఆరెయ్. ఆదివారం కొండమీదికి కావాలి," అన్నాడు మా ఆయన, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

ఉన్ని కోటు. మెషీన్‌లో వేస్తే ముడుచుకుపోతుంది కాబట్టి తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పిండకుండా, చేత్తో నొక్కి నొక్కి ఉతకాలి. ఆ సంగతి ఆయనకి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా రాలేదు. నేను అడవుల మీద పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నదాన్ని. ఏ వాలులో ఏ చెట్టు తగ్గింది, దాంతోపాటు ఏ పిట్ట మాయమైంది అని ఇన్నేళ్ళుగా లెక్కలు తీస్తున్నదాన్ని. ఆయనదీ అదే చదువు, ఇద్దరిదీ ఒకటే క్లాసు. అప్పట్లో ఆయన్ని నువ్వు అనేదాన్ని. పెళ్ళయ్యాక మీరు అయ్యాడు. ఇప్పుడు ఆయన పరిశోధనా కేంద్రానికి అధిపతి, నేను ఏడాదికోసారి పొడిగింపు కోసం ఎదురుచూసే కాంట్రాక్టు మనిషిని. కమిటీవాళ్ళు వచ్చినప్పుడు నన్ను "సార్‌గారి మిసెస్" అని పరిచయం చేస్తారు, టీ ఎక్కడ దొరుకుతుందో కూడా నన్నే అడుగుతారు. కోటు ఉతకడం కూడా పరిశోధనలో భాగమే కాబోలు అనుకుంటే కాసేపు నవ్వొచ్చింది. కలరా ఉండల వాసన పోవడానికి రెండుసార్లు నీళ్ళు మార్చాల్సి వచ్చింది.

మా రంగంలో ఆ కోటుకి ఉన్న పేరు నాకు లేదు. మామయ్యగారిని అక్కడ అందరూ పెద్దాయన అంటారు. ఆయన పడమటి కొండని ఒకే చోటునుంచి, పదేళ్ళ తేడాతో, రెండు విడతలుగా ఫోటోలు తీశారు. మొదటి విడత మా ఆయన పుట్టడానికి కొన్ని నెలల ముందు. రెండోది ఆయన బడికి పోయే రోజుల్లో. ప్రతి ఫోటోలోనూ చెట్టు పక్కన గళ్ళ కోటు వేసుకుని, అంచుల టోపీ పెట్టుకుని ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ముఖం టోపీ నీడలో ఉంటుంది, మా అత్తయ్యే అని ఇంట్లో అంటారు. ఆవిడ ఎత్తు ఒకసారి కొలిచి పెట్టుకుని, చెట్టు ఆవిడకి ఎన్ని రెట్లు ఉందో చూసి, చెట్టు ఎత్తు కట్టారు. ఫోటో కింద రాసింది ఇంతే: "చెట్టు, కొలతకు మనిషి." రెండు విడతల్నీ పోల్చి చూస్తే చెట్లు ఎవరూ ఊహించనంత జోరుగా పెరిగాయని తేలింది. పెద్దాయన పేరు మోగిపోయింది. ఈ కొండల్లో చెట్లని ముప్పై ఏళ్ళకోసారి కొట్టుకోవచ్చు, మళ్ళీ అంతా పెరుగుతుంది అన్న నియమం ఆ లెక్కలోంచే పుట్టింది. ఆ నియమం కిందే ఎదుటి కొండలు రెండు బోడి అయ్యాయి. పెద్దాయన పోయి కొన్నేళ్ళయినా మా ఆయన ఆ చెట్టు పేరు చెప్పుకుని కాయలు అమ్ముకుంటూనే ఉన్నాడు. ఇప్పుడు మూడో విడత ఫోటోలు, మూడూ కలిపి ఒక పుస్తకం. పెద్దాయన కెమెరా పెట్టిన చోట్లన్నీ కొండంతా తిరిగి వెతికింది నేను. ముందుమాట రాసేది ఆయన. కోటు వేసుకుని నిలబడాల్సింది మళ్ళీ నేను. "మన ఇంటి ఆడవాళ్ళు నిలబడటం ఒక ఆనవాయితీ కదా," అన్నాడు, నాకేదో పట్టం కడుతున్నట్టు.

ఆ చోట్లు వెతకడం ఎలాంటి పనో చెప్పాలి. పాత ఫోటో చేత్తో పట్టుకుని కొండమీద నిలబడతాం. దగ్గరి బండ అంచు దూరపు శిఖరం మీది గాటుతో కలిసేదాకా ఎడమకి ఒక అడుగు, వెనక్కి అరడుగు, కాస్త వంగి, మళ్ళీ లేచి, అలా జరుగుతూ పోతాం. అన్నీ కలిసిన క్షణంలో ఒళ్ళు జల్లుమంటుంది. పోయిన మనిషి కళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. చెట్లు మారిపోయి ఉంటాయి, వాగు దారి మార్చుకుని ఉంటుంది, ఒకప్పుడు మేతగడ్డి ఉన్నచోట ఇప్పుడు మొత్తం వయ్యారిభామ. (పనికిమాలిన కలుపుకి ఎవడు పెట్టాడో గానీ వెతికి వెతికి ఆడదాని పేరే పెట్టాడు.) మారనివి బండలే కాబట్టి మేం వాటినే ఆధారం చేసుకుంటాం.

పుస్తకం అట్ట మీదికి ఎక్కబోయే పెద్ద చెట్టు పక్కన అలాంటి బండ ఒకటుంది. ఆ చెట్టుని పరికరంతో కొలిస్తే, పెద్దాయన లెక్క ప్రకారం ఉండాల్సినదానికంటే చాలా తక్కువ ఉంది. రెండో విడత నాటి ఎత్తుకీ ఇప్పటి ఎత్తుకీ పెద్ద తేడా లేదు. ఇన్నేళ్ళూ చెట్టు పెరగడం మర్చిపోయిందా అనిపించింది. "వానలు తగ్గాయిగా, ఎండలు ముదిరాయిగా," అన్నాడు మా ఆయన. కాబోలు అనుకున్నాను. అయినా మనసొప్పక పాత ఫోటోలు రెండూ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. బండలు కలిశాయి, శిఖరం కలిసింది, మనిషి కలవలేదు. మొదటి ఫోటోలో బండ ఆవిడ తుంటి దగ్గరికి వస్తోంది. రెండోదాంట్లో నడుము దాటి పక్కటెముకలు మొదలయ్యేదాకా వచ్చింది. రాయి పెరిగిందా, మనిషి తరిగిందా?

"మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. అప్పుడు బండ ఎక్కువ పైకి కనిపిస్తుంది," అన్నాడు ఆయన అన్నం తింటూ.

"మట్టి పోతే చెట్టు వేళ్ళు బయటపడాలి. పడలేదు."

"నువ్వు ప్రతిదీ మరీ తవ్వుతావు. సోమవారం తూర్పు కొండ కొట్టే విషయం తేల్చడానికి కమిటీ కూర్చుంటోంది, నాన్న లెక్కే అక్కడ ఆధారం. ఇప్పుడు మధ్యలో నీ రాళ్ళూ రప్పలూ దేనికి? ఇంకాస్త పెరుగు వెయ్యి."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పెరుగు వేశాను. దట్టమైన అడవి అంటూ తూర్పు కొండ ఒక్కటే మిగిలింది మాకు. చెట్టులో తొర్ర పడాలంటే దాన్ని ముసలిదవనివ్వాలి. ముప్పై ఏళ్ళకే నరికితే తొర్ర ఎక్కడినుంచి వస్తుంది? తొర్ర లేకపోతే గుడ్లగూబ పిల్లల్ని ఎక్కడ పెడుతుంది, ఎగిరే ఉడుత పగలంతా ఎక్కడ పడుకుంటుంది? నరికిన కొండలు అచ్చం బోడిగా ఉండిపోవు. కొన్నాళ్ళకి తుప్పలు లేచి దూరానికి పచ్చగానే కనిపిస్తాయి. లోపలికి నడిస్తే మాత్రం చప్పుడు ఉండదు. నా అడుగులే నాకు వినిపించి, వెనక్కి తిరిగి చూసుకుంటూ నడుస్తాను.

ఆ రోజునుంచీ ఆ కోటు మనిషి నన్ను వదల్లేదు. కూరగాయలు తరుగుతుంటే కంటి కొసకి ఎవరో కదలకుండా నిలబడి ఉన్నట్టు ఉండేది. తిరిగి చూస్తే తలుపు. ఆఫీసు మెట్ల మలుపులో, బట్టలు ఆరేసే తాడు వెనక, స్నానాల గది అద్దంలో నా భుజం పక్కన. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం వేసింది, అబద్ధం ఎందుకు? దానికితోడు నేను ఎంతసేపు నిలబడి ఉంటానో నాకే తెలిసి రావడం మొదలైంది. పొయ్యి పక్కన నిలబడతాను. వడ్డించాక కుర్చీ వెనక నిలబడతాను. ఆయనకి సన్మానం జరిగితే, "కొంచెం ఇటు జరగండి మేడమ్, సార్ కనిపించాలి" అంటే జరిగి నిలబడతాను. ఆయన రాసిన వ్యాసాల చివర చిన్న అక్షరాల్లో "ఓపికగా సహకరించిన నా భార్యకు" అని ఉంటుంది. మొదటి పేజీలో ఉన్న లెక్కలన్నీ ఆ ఓపికవే. పెళ్ళి మాటల రోజున పెద్దాయన నన్ను గుమ్మంలో నిలబెట్టి, పైనుంచి కిందిదాకా చూసి, "ఎత్తు సరిపోయింది," అన్నారు. కొడుకు పక్కన సరిపోయిందని అన్నారనుకుని అప్పుడు సిగ్గుపడి పొంగిపోయాను.

శనివారం మధ్యాహ్నానికి కోటు ఆరింది. బొత్తాలు గట్టిగా ఉన్నాయో లేదో చూద్దామని తొడుక్కున్నాను. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి, నా ఒంటికి కొలిచి కుట్టించినట్టు. అత్తయ్య కోటు, అత్తయ్య కోటు అని ఇంట్లో ఇన్నేళ్ళుగా వింటున్నాను. అత్తయ్య నా భుజం దాకా కూడా రాదు. "ఇంత పొట్టి తల్లికి అంత పొడుగు కొడుకేమిటో, దిష్టి తగలా," అని మా పుట్టింటి చుట్టాలు నవ్వడం, మా ఆయన "నాన్న పోలిక" అనడం, "అమ్మ వయసొచ్చి కుంగింది గానీ ఆ ఫోటో చూడండి" అనడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. హాల్లో గోడమీద ఆ రెండు ఫోటోలూ పెద్దవి చేసి కట్టించిన పటాలు ఉన్నాయి. పెళ్ళయిననాటినుంచీ వాటి దుమ్ము తుడుస్తున్నది నేనే. వెళ్ళి చూశాను. మొదటిదాంట్లో ఆవిడ చెయ్యి బండ మీద ఆని ఉంది, వేళ్ళు కనిపిస్తున్నాయి. రెండోదాంట్లో వేళ్ళు లేవు. అరచేతులు లేవు. కోటు చేతులు రెండూ ఖాళీగా కిందికి వేలాడుతున్నాయి.

అప్పుడే అత్తయ్య మడతపెట్టిన దుప్పట్లు పట్టుకుని హాల్లోకి వచ్చింది. కోటుతో నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"తీసెయ్యమ్మాయ్ అది," అంది.

"ఇది మీది కాదు కదా అత్తయ్యా?"

దుప్పట్లు బల్లమీద పెట్టింది. అంచులు సరిచేసింది.

"నాదని నేనెప్పుడన్నాను? వేసుకోమన్నారు, వేసుకున్నాను. చేతులు వేలాడుతున్నాయంటే, మడవకు, పాత ఫోటోలాగే ఉండాలి అన్నారు. ఆవిడ బూట్లు కూడా తొడిగించారు. వదులైతే వాటి మొనల్లో గుడ్డలు కుక్కుకుని నిలబడ్డాను. ఈగ వాలినా కదలనిచ్చేవారు కాదు. ఆవిడైతే ఎంత బాగా నిలబడేదో, పొద్దస్తమానం అదే పాట."

"ఆవిడంటే?"

అత్తయ్య పటం దగ్గరికి వచ్చి, మునివేళ్ళ మీద లేచి, మొదటి ఫోటోలో కోటు మధ్య భాగం చూపించింది. అక్కడ బొత్తాలు రెండు విడిపోయి ఉన్నాయి. గాలికి విడిపోయాయనుకునేదాన్ని, అదే అన్నాను.

"గాలేం కాదు. పట్టలేదు. ఆ లోపల ఉన్నది నీ మొగుడే. బండ పట్టుకుంది చూడు, నిలబడలేక. ఆ కాన్పులోనే పోయింది. ఏడాది తిరక్కుండా నన్ను తెచ్చారు. ఊరు మారాం, వీధి మారింది, అడిగేవాళ్ళు లేరు. 'వాడికి తెలిస్తే నిన్ను అమ్మా అని పిలవడు, ఆపైన నీ ఇష్టం' అన్నారు మీ మామయ్య. నా ఇష్టమట! నా కడుపున ఒక కాయా కాయలేదు. వాడొక్కడే కదా."

"రెండోసారి ఫోటోలు తీసినప్పుడు మీ ఎత్తు కొలిచారా?"

"నన్నా?" అని నవ్వింది. "నన్నెవరు కొలుస్తారమ్మాయ్? బట్టలు కుట్టించడానికైనా ఎవరూ కొలవలేదు. ఆవిడవే బోలెడు ఉన్నాయిగా." నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుంది. "వాడితో మాత్రం అనకు."

నాకు ఒళ్ళంతా మండింది. పెద్దాయన మోసం చేశారంటే కొంత తేలిగ్గా ఉండేదేమో. మోసం చెయ్యలేదు. ఆయనకి తట్టలేదు. ప్రతి చెట్టునీ ఆనవాలు పట్టి, పేరుపేరునా ఎరిగి ఉన్న మనిషి, భార్య పోయి ఇంకో భార్య వస్తే కొలత మారుతుందని అనుకోలేదు. పొడుగు మనిషి ఎత్తుని పొట్టి మనిషికి అంటగట్టి, చెట్టు ఆవిడకి ఇన్ని రెట్లు అని గుణించుకుంటూ పోయారు. నేను కూర్చుని లెక్క మళ్ళీ వేసి చూశాను. దేశమంతా చెప్పుకునే ఆ పెరుగుదలలో సగానికి పైగా మా అత్తగారి పొట్టితనమే. ఇన్నేళ్ళలో ఎందరు పండితులు ఆ ఫోటోల ముందు నిలబడి తలలూపారో! ఒక్కడైనా చెట్టు మీదినుంచి చూపు తిప్పి ఆ చేతులకేసి చూడలేదు. నేనూ చూడలేదు, గుడ్డ పెట్టి తుడిచాను.

ఆ సాయంత్రమంతా వంటింట్లో తిరుగుతూ అదే ఆలోచించాను. బండ సంగతి ఒక్కటే చెబితే మట్టి అంటారు, కమిటీ కూడా అదే అంటుంది, వాళ్ళకి కావలసిందీ అదే. ఇద్దరు మనుషులు అని చెబితే తప్ప లెక్క తప్పని రుజువు కాదు. ఇద్దరు అంటే రెండో ఆవిడ ఎవరు అని ముందు అడిగేది మా ఆయనే. తూర్పు కొండ నిలవాలంటే అత్తయ్య దగ్గర ఉన్న ఆ ఒక్క పిలుపూ లాక్కోవాలి. పొద్దున్న లేస్తే "అమ్మా, నా కళ్ళజోడేది" అని అరుస్తాడే, ఆ పిలుపు. దానికి కూడా ఆవిడ పరుగెత్తుకుంటూ వెళ్తుంది. నాకు చేతులు రాలేదు. పరాయి ఇంట్లో పరాయి బట్టలు కట్టుకుని బతికిన మనిషిని ఈ వయసులో మళ్ళీ పరాయిదాన్ని చెయ్యడానికి నేనెవర్ని? కొండ వైపు చూడకుండా కిటికీ మూసేసి, చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

ఆదివారం బయల్దేరుతుంటే అత్తయ్య చెప్పులు వేసుకుని కారు దగ్గర నిలబడి ఉంది. "నేనూ వస్తాను," అంది. ఆ ఫోటోల తర్వాత ఆవిడ మళ్ళీ కొండ మొహం చూడలేదు. మా ఆయన సంబరపడిపోయాడు. "పుస్తకంలో రాస్తాను, అమ్మ కూడా వచ్చిందని."

కారు పైదాకా వెళ్తుంది, అక్కడినుంచి కాస్త నడక. ఆయన కెమెరా సర్దుకుంటూ ఉంటే అత్తయ్య నా చెయ్యి ఆసరాగా అంచుదాకా వచ్చి ఎదుటికి చూసింది. ఉత్తరాన ఒక వాలు కొత్తగా కొట్టేసి ఉంది, ఎర్రమట్టి గీరుకుపోయి ఉంది. పక్కది తుప్పలు.

"అక్కడ అడవి ఉండాలి కదా. మేం వచ్చినప్పుడు లోపల చీకటిగా ఉండేది. పిట్టల గోలకి మీ మామయ్య మాట వినపడేది కాదు. ఏమైందమ్మాయ్?"

"కొట్టేశారు అత్తయ్యా. ముప్పై ఏళ్ళలో మళ్ళీ అంతా పెరుగుతుందని మామయ్యగారి లెక్క."

"పెరగలేదే?"

ఆవిడ నా వైపు తిరిగింది. అబద్ధం చెబుదామనే నోరు తెరిచాను, రాలేదు.

"రెండోసారి నిలబడింది కూడా ఆవిడే అన్నట్టు, ఆవిడ ఎత్తుతోనే లెక్క కట్టారు. దాంతో చెట్లు పెరిగినదానికంటే ఎక్కువ పెరిగినట్టు తేలింది."

అత్తయ్యకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఎదుటి వాలుకేసి మళ్ళీ చూసింది.

"నేను నిలబడినందుకా ఇదంతా?"

"మీరు నిలబడినందుకు కాదు. మిమ్మల్ని ఎవరూ చూడనందుకు."

"ఆ తూర్పుది?"

"రేపు తేలుస్తారు."

కింద ఎక్కడో ఒక పిట్ట ఒకసారి అరిచి ఊరుకుంది. మళ్ళీ అరుస్తుందేమోనని ఇద్దరం ఎదురుచూశాం.

"ఏమోయ్, కోటు వేసుకో, వెలుగు మారిపోతోంది," అని వెనకనుంచి ఆయన పిలిచాడు.

కోటు కారులోనే ఉంది. నేను తీసుకురాలేదు. సంచిలోంచి మడత కొలకర్ర తీసి, నిటారుగా సాగదీసి, చెట్టు పక్కన నేలలో గుచ్చాను.

"నేను నిలబడను. ఇది నిలబడుతుంది."

"ఇదేం పేచీ? కర్ర పక్కన చెట్టుకి ఏం అందం ఉంటుంది?" అని ఆయన కెమెరా వదిలి వచ్చాడు. అట్ట కోసం అచ్చువేయించిన మొదటి ఫోటో చేతిలో ఉంది. "చూడు. అమ్మ ఎంత హుందాగా నిలబడిందో. బండ మీద చెయ్యి వేసి, మహారాణిలా. చిన్నప్పుడు నాన్న లేని రోజుల్లో దీని ముందు కూర్చుని చూస్తూ ఉండేవాణ్ణి తెలుసా? నా దృష్టిలో అమ్మ అంటే ఇదే." గొంతు నిజంగానే మెత్తబడింది. ఆయన మీద ఎంత కోపం ఉన్నా ఆ క్షణంలో నాకు జాలేసింది.

అత్తయ్య నా చెయ్యి విడిపించుకుంది. మెల్లగా, కాలితో నేలని తడుముకుంటూ, చెట్టు దగ్గరికి వెళ్ళి బండ పక్కన నిలబడింది. బండ ఆవిడ పక్కటెముకల దాకా వచ్చింది.

"అమ్మా, ఫ్రేములో అడ్డం వస్తున్నావు. పక్కకి జరుగు," అన్నాడు ఆయన నవ్వుతూ.

ఆవిడ జరగలేదు. నన్ను చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆవిడ నన్ను చూడనట్టే ఊరుకుని, కొడుకు చేతిలోని ఫోటోకేసి చూసింది.

"నువ్వన్నది నిజమే నాయనా," అంది. "అందులో ఉన్నది మీ అమ్మే. నేను కాదు."